12 గుడ్లు పెడితే 2 పిల్లలే వచ్చాయి, ఎక్కడ తప్పు జరిగింది?

కొత్త_గంప:
థర్మాకోల్ పెట్టెలో 40 వాట్ల బల్బు, థర్మోస్టాట్ బిగించి ఇంట్లోనే కోడిగుడ్లు పొదిగించానండి. ఫ్యాన్ లేదు. థర్మామీటర్ మూత లోపలి వైపు అతికించాను, అది మొదటి నుంచి చివరి దాకా 37.5 డిగ్రీలే చూపించింది. గుడ్లు ఎండిపోతాయేమోనన్న భయంతో తొలిరోజు నుంచే పెద్ద పళ్లెం నిండా నీళ్లు పెట్టాను. రోజుకు మూడుసార్లు తిప్పాను, 18వ రోజు ఆపేశాను. 7వ రోజు టార్చి వేసి చూస్తే పదింటిలో రక్తనాళాలు సాలెగూడులా కనబడ్డాయి, తెగ సంబరపడ్డాను. తీరా 21వ రోజు ఏమీ లేదు, 23వ రోజు రాత్రి రెండు పిల్లలు వచ్చాయి, అవీ ఒళ్లంతా జిగటగా. 25వ రోజు మిగతా ఎనిమిదీ పగలగొడితే అన్నిట్లోనూ పూర్తిగా ఎదిగిన పిల్లలే, చచ్చిపోయి ఉన్నాయి. చూడలేకపోయాను. తప్పు పుంజుదా, గుడ్లదా, నాదా?

పుంజు_పక్షం:
పుంజును ఏమీ అనకండి, 12లో 10 గుడ్లలో పిల్ల మొదలైందంటే అది తన పని బాగానే చేసింది. తప్పు థర్మామీటర్ ఉన్నచోట ఉంది. ఫ్యాన్ లేని పెట్టెలో వేడిగాలి పైకెక్కి అక్కడే కూర్చుంటుంది, మూత దగ్గర 37.5 అంటే కింద గుడ్లకు అంతకంటే తక్కువే. పైగా 37.5 అనేది ఫ్యాన్ ఉన్న పెట్టె లెక్క. ఫ్యాన్ లేకపోతే గుడ్డు పైభాగం ఎత్తులో కొలిచినప్పుడు 38.5 నుంచి 39 మధ్య ఉండాలి. పిల్లలు రెండు రోజులు ఆలస్యంగా రావడమే దానికి గుర్తు, వేడి ఎక్కువైతే ముందే వస్తాయి. ఆ థర్మామీటర్‌ని కూడా గుడ్డిగా నమ్మకండి. జ్వరం చూసేదాన్నీ దాన్నీ కలిపి గోరువెచ్చని నీళ్లలో పెట్టి తేడా చూసుకోండి.

తడి_పొడి:
పై మాట నిజమే, కానీ నాకు ఆ నీళ్ల పళ్లెం మీద ఇంకా అనుమానం. గుడ్డు కొంత ఎండాలండి! 18 రోజుల్లో బరువులో సుమారు 12 శాతం తగ్గాలి, ఆ మేరకు మొద్దు వైపు ఉండే గాలి గది పెద్దదవుతుంది. పిల్ల మొదటి ఊపిరి తీసుకునేది పెంకు బయట కాదు, ఆ గదిలోనే. పెట్టెలో తేమ ఎక్కువైతే గది ఇరుకుగా ఉండిపోయి అక్కడే ఊపిరాడక పోతుంది, జిగటకూ అదే కారణం అయ్యుండొచ్చు. మొదటి 18 రోజులు 45 నుంచి 50 శాతం తేమ చాలు, చివరి మూడు రోజులే 65 నుంచి 70కి పెంచాలి. నీళ్ల లోతుతో పని లేదు, ఎంత వెడల్పున పరుచుకున్నాయన్నదే లెక్క, కాబట్టి మొదట చిన్న గిన్నె పెట్టండి. తేమ మీటర్ సరైనదో కాదో తెలియాలంటే కాస్త తడిపిన ఉప్పుతో కలిపి కవర్లో బిగించి ఆరేడు గంటలు వదిలేయండి, 75 చూపించాలి.

కొత్త_గంప:
ఇప్పుడే ఖాళీ పెట్టెలో గుడ్ల ఎత్తున పెట్టి చూశాను, 35.6! తల పట్టుకున్నాను. ఇంకో సంగతి చెప్పలేదు, వేడి పోతుందని చివరి వారం గాలి రంధ్రాలకు టేపు కూడా వేశాను. ఈసారి పిల్ల చిల్లు పెట్టి ఆగిపోతే నేను పెంకు ఒలిచి సాయం చేయొచ్చా?

తడి_పొడి:
అయ్యో, ఆ టేపు ముందు పీకేయండి, చివరి రోజుల్లోనే లోపలి పిల్లలకు గాలి ఎక్కువ కావాలి. సాయం మాత్రం తొందరపడి చేయొద్దు. చిల్లు పెట్టాక ఒక రోజు దాకా కదలకుండా ఉండొచ్చు, ఆ టైంలో పొర మీది రక్తనాళాలు ఎండుతుంటాయి, మిగిలిన పచ్చసొన కడుపులోకి పోతుంటుంది. అప్పుడు ఒలిస్తే రక్తం కారి చస్తుంది. టెన్షన్‌తో గంటగంటకీ మూత తీయకండి, తీసిన ప్రతిసారీ తేమ పోయి మిగతావాటికి పొర బిగుసుకుపోతుంది. వచ్చిన పిల్లలు తడి ఆరేదాకా పెట్టెలోనే ఉండనివ్వండి, కడుపులో పచ్చసొన ఉంది కాబట్టి రెండు రోజుల దాకా మేత లేకపోయినా ఫర్వాలేదు.

కొత్త_గంప:
పాత కంప్యూటర్ ఫ్యాన్ ఒకటి ఉంది, అది బిగిస్తున్నాను. గుడ్లు పెట్టకముందు ఒక రోజంతా పెట్టె ఖాళీగా నడిపి, నాలుగు మూలలా కొలిచి ఇక్కడ రాస్తాను. ఆ రెండు పిల్లలూ బాగున్నాయి, బల్బు కింద నిద్రపోతున్నాయి.