ఉద్యోగం వస్తే వికలాంగుల పింఛను ఆపేయాలా?

కొల్లేటికొంగ:
మా పక్కింట్లో వారం నుంచి ఇదే రచ్చ, అందుకే ఇక్కడ పెడుతున్నా. అబ్బాయికి చిన్నప్పుడే ఒక కాలు మోకాలి దాకా తీసేశారు, సదరంలో, అంటే వైకల్యం ఎంతో కొలిచి సర్టిఫికెట్ ఇచ్చే సర్కారీ పరీక్షలో, 70 శాతం వేశారు. డిగ్రీ అయింది. విజయవాడలో ఒక ఆఫీసు 13,000 జీతానికి రమ్మంది. వాళ్ళ నాన్న పంపనంటున్నాడు. ఆయన లెక్క ఇదీ: ఇంట్లో కూర్చుంటే ఒకటో తారీఖు పొద్దున్నే 6,000 గుమ్మంలోకొస్తుంది. బెజవాడ వెళ్తే హాస్టల్‌కు 5,500, సిటీ బస్సు మెట్లు ఎక్కలేడు కాబట్టి రోజూ ఆటో, కృత్రిమ కాలు రిపేరుకొస్తే ఆ ఖర్చు వేరే. ఇవన్నీ పోగా మిగిలేది ఎంత?

పైగా ఆంధ్రాలో పింఛను నిబంధన ప్రకారం కుటుంబ ఆదాయం పల్లెల్లో నెలకు 10,000, పట్టణాల్లో 12,000 దాటకూడదు. జీతం లెక్కలోకొచ్చిందంటే 6,000కి నీళ్ళొదులుకోవాల్సిందే. ఆర్నెల్లకు ఉద్యోగం ఊడితే మళ్ళీ సచివాలయం చుట్టూ తిరగాలి. పెద్దాయన్ని తిట్టడానికి నాకు నోరు రాలేదు. నా మాటేంటంటే ప్రైవేటు ఉద్యోగం చేసుకునే వికలాంగుడి పింఛను ముట్టుకోకూడదు. మీరేమంటారు?

లెక్కలమాస్టారు:
ఒప్పుకోను. పింఛను ఉన్నది ఏ ఆధారమూ లేనివాళ్ళ కోసం. 2024 జూలైలో 3,000ని ఒక్కసారిగా 6,000 చేశారు, మంచానికే పరిమితమైనవాళ్ళకి 15,000. కేంద్రం ఇచ్చేదెంతో చూశారా? 80 శాతం వైకల్యముండి, దారిద్ర్యరేఖకు దిగువనుంటేనే నెలకు 300. మిగతాదంతా రాష్ట్రం నెత్తినే. జీతగాళ్ళకీ ఇస్తూపోతే రేపు ఆ మంచంలో ఉన్నవాడికి కోత పడుతుంది. దొంగ సర్టిఫికెట్ల సంగతి ఇంకా ఎత్తలేదు. పింఛను కాగితాల్లో చెవిటివాడు, పెళ్ళిళ్ళలో సన్నాయి వాయిస్తాడు, మా మండలంలోనే ఉన్నాడు.

రోస్టర్‌రాజు:
సన్నాయి సంగతి భలే చెప్పారు మాస్టారూ. కానీ ఆ దొంగ కోసం వేసిన వలలో పడేది ఎవరు? 2025లో మళ్ళీ తనిఖీలన్నప్పుడు మా బంధువు ఒకావిడకి పర్సంటేజీ 40 కంటే తగ్గిందని నోటీసొచ్చింది. అవే కాళ్ళు, అదే మనిషి. అంతకుముందు ఇంకో డాక్టరు 55 వేశాడు. ఇలా ఎప్పుడేమవుతుందో తెలియనప్పుడు ఉద్యోగంలో చేరి, నా పేరు మీరే తీసెయ్యండని ఎవడు ముందుకొస్తాడు?

ఓరుగల్లు పోరడు:
అన్నా, మీకు 6,000 అన్న వస్తున్నయి. మా తెలంగాణల ఇంక 4,016 కాడనే ఉన్నది. 2023 ఎలక్షన్లల్ల 6,000 చేస్తమన్నరు. మంద కృష్ణన్న వీహెచ్‌పీఎస్ (వికలాంగుల హక్కుల పోరాట సమితి) తరఫున తిరుగుతనే ఉన్నడు.

గని నా బాధ పింఛను కాదు. సర్కారు నౌకరీల ఉన్నోనికి చట్టం అండ ఉన్నది. వికలాంగుల హక్కుల 2016 చట్టం 20వ సెక్షన్ ప్రకారం, కొలువుల ఉండంగ వైకల్యమొస్తే తీసెయ్యరాదు, వేరే పని సూపియ్యాలె. 2025ల సుప్రీంకోర్టు మన ఆర్టీసీ డ్రైవర్ కేసుల గట్లనే జెప్పింది. రంగులు గుర్తువడ్తలేడని ఇంటికి పంపిండ్రు, అట్ల గాదు, తగిన పని ఇయ్యుండ్రి అన్నది కోర్టు. ప్రైవేటోనికి ఏమున్నది? రేపటి నుంచి రాకు అంటే అయిపాయె.

షాపుఫ్లోర్:
నేను ప్రైవేటోణ్ణే, ఒక ప్యాకింగ్ యూనిట్‌లో హెచ్‌ఆర్ చూస్తా. మా దగ్గర ఇద్దరు బధిరులున్నారు. వాళ్ళ కోసం మేం చేసింది రెండే పనులు. మిషన్ బజర్‌కి ఒక ఎర్ర బల్బు తగిలించాం, షిఫ్ట్ మార్పులు నోటితో చెప్పడం మానేసి బోర్డు మీద రాస్తున్నాం. బల్బు, వైరు, ఎలక్ట్రీషియన్ కూలీ అన్నీ కలిపి వెయ్యి లోపే. బోర్డు అలవాటు వల్ల మిగతావాళ్ళలోనూ "నాకు చెప్పలేదు సార్" అనేవాళ్ళు తగ్గారు.

చట్టం గురించి ఒక మాట. ప్రైవేటులో 5 శాతం పెట్టుకోవాలని 35వ సెక్షన్ అంటుందిగానీ అది ప్రోత్సాహకాల వరకే. పెట్టుకోకపోతే అడిగేవాడు లేడు. ఆ ప్రోత్సాహకాలైనా అందరికీ తెలుసా అంటే, ఈఎస్‌ఐలో (కార్మికుల ఆరోగ్య బీమాలో) చేరడానికి వికలాంగుల జీతం పరిమితి మామూలువాళ్ళ 21,000 బదులు 25,000 అనీ, యజమాని వాటాను కొన్నేళ్ళు కేంద్రమే భరిస్తుందనీ మా కన్సల్టెంటుకే నేను చెప్పాల్సొచ్చింది.

అయితే కొంగగారి ప్రతిపాదనతో నాకో భయముంది. పింఛను కొనసాగుతుందని తెలిస్తే, "నీకు 6,000 ఎలాగూ వస్తోందిగా" అని జీతం 13,000 నుంచి 10,000కి దించేవాళ్ళు బోలెడుమంది. అప్పుడు ఆ పింఛను మా జేబులోకి వచ్చినట్టే.

చూపుడువేలు:
షాపుఫ్లోర్ గారి భయం నిజమే. కానీ దానికి మందు కనీస వేతనం కచ్చితంగా ఇప్పించడం, పింఛను తీసెయ్యడం కాదు.

నాకు చూపు లేదు. కంప్యూటర్ మీద స్క్రీన్ రీడర్‌తో పనిచేస్తా. ఉద్యోగానికి అప్లై చేసేటప్పుడే మా కష్టాలు మొదలవుతాయి. ఫారమంతా నింపి కిందికొస్తే, బొమ్మలో అక్షరాలు చూసి టైపు చెయ్యమంటుంది. నా రీడర్ "ఇమేజ్" అని చదివి ఊరుకుంటుంది. ఎవరినైనా పిలిచేలోపు టైమయిపోయి ఫారం మళ్ళీ ఖాళీ. ఇక ఉద్యోగం వచ్చాక, మీరు పది రూపాయల షేర్ ఆటోలో వెళ్ళే చోటికి కొత్త దారైతే నేను వంద పెట్టి బండి బుక్ చేసుకుంటా. ఇల్లు ఆఫీసు దగ్గరే తీసుకోవాలి, అద్దె ఎక్కువ. ఈ ఖర్చులు నా పేదరికం వల్ల వచ్చినవి కావు. జీతం వచ్చినా పోవు, నిజానికి బయటికి వెళ్తున్నాం కాబట్టి పెరుగుతాయి.

మాస్టారూ, ఈ సంగతి ప్రభుత్వానికీ తెలుసు. ఆదాయపు పన్ను పాత విధానంలో వికలాంగులకిచ్చే మినహాయింపు చూడండి. వికలాంగుడైతే 75,000, తీవ్ర వైకల్యమైతే 1,25,000 ఆదాయం మీద పన్ను మినహాయింపు. బిల్లులు కూడా అడగరు, సర్టిఫికెట్ చాలు. పన్ను కట్టే స్థాయిలో ఉన్నవాడికి వైకల్యం వల్ల ఖర్చవుతుందని ఒప్పుకున్న సర్కారు, 13,000 జీతగాడి దగ్గరికొచ్చేసరికి నీకు ఆదాయముంది పొమ్మంటోంది. ఇదెక్కడి లెక్కో మీరే చెప్పండి.

లండన్‌లో బెజవాడోడు:
ఇక్కడ పిప్ అని ఒక భృతి ఉంది. ఉద్యోగం చేసినా, చెయ్యకపోయినా వస్తుంది, జీతం అడగరు. రోజువారీ పనుల్లో, తిరగడంలో ఎంత ఇబ్బందో చూసి ఇస్తారు. అలాగని స్వర్గమేం కాదు. 2025లో అర్హతలు బిగించబోతే అధికార పార్టీ ఎంపీలే తిరగబడ్డారు, ప్రభుత్వం వెనక్కి తగ్గింది.

రోస్టర్‌రాజు:
సర్కారీ పోస్టుల గురించి ఎవరూ అడగట్లేదేం? 1995 చట్టంలో 3 శాతం, 2016 చట్టంలో 4. తగినవాడు దొరక్కపోతే ఆ ఖాళీ మరుసటి ఏడాదికి పోవాలి. అప్పుడూ దొరక్కపోతే ఇంకో కేటగిరీ వికలాంగుడికి మార్చాలి. అప్పటికీ ఎవరూ లేకపోతేనే మిగతావాళ్ళకి. నోటిఫికేషన్లలో ఈ బ్యాక్‌లాగ్ వరస ఎక్కడ తప్పిందో పట్టుకోవడం నాకు అలవాటైపోయింది. ఏ పోస్టు ఏ రిజర్వేషన్‌కో చెప్పే పట్టికే రోస్టర్, ఆ పేరు ఊరికే పెట్టుకోలేదు.

కాకినాడ అమ్మ:
బాబూ, మీ చర్చంతా పనికి వెళ్ళగలిగేవాళ్ళ గురించే. మా వాడికి 26 ఏళ్ళు, బుద్ధిమాంద్యం. అన్నం కలిపి పెడితే తింటాడు, గుండీలు పెట్టుకోవడం రాదు. వాణ్ణి చూసుకోవడానికి నేను టైలరింగ్ షాపు మూసేశాను. ఆ పోయిన సంపాదన ఎవరి లెక్కలోనూ లేదు.

మా పెద్దమ్మాయికి గవర్నమెంటు ఉద్యోగం వచ్చిన ఏడు ఇంట్లో అందరం ఏడ్చాం, సంతోషంతో కాదు. ఒకే రేషన్ కార్డులో ప్రభుత్వోద్యోగి ఉంటే తమ్ముడి పింఛను పోతుందని అప్పుడే తెలిసింది. పెళ్ళై కార్డు వేరయ్యేదాకా వాడికి రాలేదు. అక్క సంపాదిస్తే తమ్ముడికి మాటలొస్తాయా?

లెక్కలమాస్టారు:
అమ్మా, మీ మాటకు ఎదురు చెప్పలేను. కుటుంబ ఆదాయం చూడటం వికలాంగుల విషయంలో ఆపాల్సిందే. మనిషి సొంత ఆదాయం చూడండి. ఉద్యోగంలో చేరినవాడికి కూడా రద్దు చెయ్యకుండా నిలిపి ఉంచి, పని పోతే మళ్ళీ సదరం అడక్కుండా మరుసటి నెల నుంచే ఇవ్వాలి. ఇంతవరకు సరే. కానీ ఎంత జీతమున్నా ఇస్తూనే ఉండాలంటే మాత్రం ఒప్పుకోను. ఎక్కడో ఒకచోట గీత గియ్యాలి.

షాపుఫ్లోర్:
గీత రెడీగా ఉంది మాస్టారూ. ఈఎస్‌ఐ వాళ్ళు పెట్టిన 25,000. అంతకు లోపు జీతమైతే పింఛను ఉంచండి.

చూపుడువేలు:
25,001 వచ్చినవాడికి ఒక్కసారిగా 6,000 పోకూడదు. పైన పెరిగే కొద్దీ కొంచెం కొంచెంగా తగ్గించండి, అప్పుడు నేనూ సంతకం పెడతా.

కాకినాడ అమ్మ:
ఆ 25,000 కుటుంబానికా, మనిషికా? ముందు అది రాయండి. కుటుంబానికంటే నేను ఒప్పుకోను.