అప్‌డేట్: కొర్రమీను పిల్లలు మేత తింటూనే చచ్చిపోతున్నాయని అడిగాను కదా

పోయిన నెల అడిగింది నేనే, సిమెంట్ ట్యాంకులో కొర్రమీను పిల్లలు పొడి మేత తింటూనే చిక్కిపోయి చచ్చిపోతున్నాయని. చాలామంది నీళ్ల తేడా అన్నారు, నేనూ అదే అనుకుని రోజూ నీళ్లు మార్చి మార్చి చేతులు పడిపోయాయి, తీరా చూస్తే తప్పంతా పొడి మేత మరీ ముందే మొదలుపెట్టిన నా తొందరదే. ఒక పిల్లని గాజు గ్లాసులో వేసి లెన్స్ పెట్టి చూశా, మింగిన పొడి పొడిలాగే వెనక నుంచి దారంలా వచ్చేస్తోంది. మా బావ ఫిషరీస్ చదివాడు లెండి, ఆయన చెప్పిందేంటంటే అంత చిన్నప్పుడు దానికి కడుపు ఇంకా తయారే కాదంట, ఒట్టి పేగు, అందులో ట్రిప్సిన్ లాంటి అరిగించే ఎంజైములు పనిచేస్తాయి గానీ యాసిడ్, దాంతో కలిసి ప్రోటీన్‌ని అరిగించే పెప్సిన్ రావాలంటే కడుపులో గ్రంథులు ఏర్పడాలి, అందుకే పొడి అరగలేదు. రోహు, కట్లకైతే జన్మంతా కడుపే ఉండదట, అది విని నోరెళ్లబెట్టా!

రెండో బ్యాచ్‌కి మొదట్లో అచ్చంగా బతికున్న మేతే, అంటే ఆర్టీమియా (ఉప్పునీటిలో పెరిగే రొయ్యలాంటి చిన్న జీవి) పిల్లలు, మొయినా (నీటి ఈగ) మాత్రమే వేశా. ఆర్టీమియా తిన్న గంటకి పొట్టలన్నీ నారింజ రంగులో మెరుస్తుంటే చూడాలి అసలు. తర్వాత పొడిని తడిపి ముద్దచేసి కొంచెం కొంచెం అలవాటు చేస్తూ బతికున్న మేత తగ్గించుకుంటూ వచ్చా, ఒకేసారి ఆపలేదు. ఖర్చు మాత్రం బాగానే అయింది. చావులు చాలా తగ్గాయి, ఇప్పుడు పెద్దవి చిన్నవాటిని మింగేస్తున్నాయి, సైజులవారీగా వేరు చేసే పనిలో పడ్డా.