పాత జాజ్ బేస్ కొన్నారా? పికప్‌ల కంటే ముందు నెక్ చూడండి

ప్రశ్న: ఈ మధ్యే ఈ దేశం వచ్చాను. 1970ల మొదట్లో చేసిన జాజ్ బేస్ (ఫెండర్ కంపెనీ ఎలక్ట్రిక్ బేస్ గిటార్) దొరికింది. తీగలు మరీ ఎత్తుగా ఉన్నాయి, హమ్ (గుంయ్‌మనే మోత) కూడా వస్తోంది. పికప్‌లు (తీగల కదలికని కరెంటుగా మార్చే భాగాలు) మార్చెయ్యనా?

జవాబు: ఇప్పుడే వద్దండీ. ముందు నెక్ (తీగల కింద ఉండే పొడుగు చెక్క), తర్వాత బ్రిడ్జ్ (బాడీ మీద తీగలు ఆనే లోహపు భాగం), ఆఖర్న వైరింగ్. వరుస తప్పితే చేసిన పనే మళ్లీ చెయ్యాలి.

మీరు వాడబోయే తీగలే (45–105 మందం సెట్ అనుకుందాం) ఎక్కించి, శ్రుతి చేసి, ఒక రోజు వదిలెయ్యండి. మొదటి ఫ్రెట్ (నెక్ మీది అడ్డ లోహపు పట్టీ) మీద కాపో (తీగలన్నీ నొక్కిపట్టే క్లిప్) పెట్టి, ఆఖరి ఫ్రెట్ దగ్గర ఇ తీగ (అన్నిటికంటే లావుది) నొక్కి, ఏడో ఫ్రెట్‌కీ తీగకీ మధ్య సందు ఫీలర్ గేజ్‌తో (సందు కొలిచే పల్చటి రేకులతో) కొలవండి. 0.3 మి.మీ. దగ్గర ఉంటే బాగున్నట్టే. ఎక్కువుంటే ట్రస్ రాడ్ (నెక్ లోపలి ఉక్కు కడ్డీ) బిగించాలి. నాలుగు బోల్టుల పాత నెక్‌లో దాని నట్ బాడీ వైపు దాక్కుని ఉంటుంది, తీగలు వదులు చేసి నెక్ విప్పాలి. ఒకసారికి ఎనిమిదో వంతు చుట్టే. నట్ కదలకపోతే మాత్రం బలం పెట్టకండి, రాడ్ తెగితే ఫింగర్‌బోర్డ్ (ఫ్రెట్లు ఉండే పై పలక) ఊడదీయాలి. అలాంటప్పుడు లూథియర్‌కి (గిటార్లు చేసి, బాగుచేసేవారికి) ఇవ్వండి.

ఆ తర్వాతే సాడిల్స్ (బ్రిడ్జ్ మీద ఒక్కో తీగ ఆనే చిన్న దిమ్మలు). 17వ ఫ్రెట్ దగ్గర ఇ తీగ కింద 2.4, జి తీగ (అన్నిటికంటే సన్నటిది) కింద 2 మి.మీ. సందు ఉండాలి. సాడిల్స్ అడుగంటినా తీగ ఎత్తుగానే ఉంటే, నెక్ పాకెట్‌లో (బాడీలో నెక్ కూర్చునే గుంటలో) బ్రిడ్జ్ వైపు అంచున 0.5 మి.మీ. షిమ్ (పల్చటి ముక్క) పెట్టండి.

మరో జవాబు: పై అన్నగారి మాటకి చేర్పు. మొదటి ఐదు ఫ్రెట్లలో బజ్ (తీగ ఫ్రెట్‌కి తగిలే గరగర) వస్తే నెక్ మరీ తిన్నగా ఉన్నట్టు. 12 దాటాక వస్తే సాడిల్ తక్కువైంది. నొక్కని తీగ ఒక్కటే గరగరలాడితే నెక్ పై కొనన తీగలు ఆనే నట్ (ట్రస్ రాడ్ నట్ కాదు) గాడి లోతైపోయింది. ఇంటొనేషన్ (నెక్ పొడుగునా స్వరం శ్రుతిలో పలికేలా చెయ్యడం) సాడిల్స్ పనిలో చివరిది: 12వ ఫ్రెట్ నొక్కిన స్వరం హార్మోనిక్ (తీగని అక్కడే నొక్కకుండా తాకి మీటితే వచ్చే స్వరం) కంటే పైకి పలికితే సాడిల్ వెనక్కి, కిందికి పలికితే ముందుకి.

చలికాలం హీటర్‌తో గది ఎండిపోయి ఫింగర్‌బోర్డ్ కుదించుకుంటుంది, ఫ్రెట్ కొనలు చేతికి గీసుకుంటాయి. తేమ 40–50 శాతం ఉంచండి, సీజన్ మారినప్పుడల్లా సందు మళ్లీ కొలవండి.

ఇంకో జవాబు: హమ్ సంగతి. రెండు వాల్యూములూ పూర్తిగా తెరిస్తే హమ్ బాగా తగ్గాలి. ఒక్కటే తెరిచినప్పుడు రావడం ఈ పికప్‌ల స్వభావం. తీగలు ముట్టుకున్నా తేడా లేకపోతే బ్రిడ్జ్ కింది గ్రౌండ్ వైరు తెగి ఉండొచ్చు, బ్రిడ్జ్‌కీ జాక్ స్లీవ్‌కీ (కేబుల్ దూర్చే చోట బయటి లోహానికీ) మధ్య మల్టీమీటర్ పెట్టి చూడండి. పాట్ (వాల్యూమ్ నాబ్ కింది భాగం) వీపు మీద వైరు అతకాలంటే 40 వాట్లకి తగ్గని సోల్డరింగ్ ఐరన్ వాడండి. చిన్న ఐరన్‌ని చాలాసేపు ఆనిస్తే పాట్ మాడుతుంది. పాత పాట్లు, కెపాసిటర్ పారెయ్యకండి, కవర్లో దాచండి. ఒరిజినల్ భాగాలుంటేనే పాత బేస్‌కి విలువ.

ఇండియా నుంచి ఆంప్ తెచ్చుకున్నారా? అది 230 వోల్టులది. మీరిప్పుడున్న చోట 120 అయితే, వెనక వోల్టేజ్ స్విచ్ లేకపోతే, తగిన ట్రాన్స్‌ఫార్మర్ లేనిదే ప్లగ్ చెయ్యకండి.