అప్‌డేట్: మాల్దీనీ ర్యాంకు సంగతి తేలింది

ఇటలీ మాజీ ఫుట్‌బాల్ డిఫెండర్ పావోలో మాల్దీనీ పాపులారిటీ ర్యాంకు ఒక సైట్‌లో వారానికోలా ఎందుకు మారుతోందని ఇక్కడ అడిగాను కదా, తేలిపోయింది. పేజీ అడుగున ఉన్న చిన్న అక్షరాలు చదవమన్న సలహానే పనికొచ్చింది, థాంక్స్. అది పేజీని ఎంతమంది తెరిచారన్న లెక్క మాత్రమే. జూన్ 26 ఆయన పుట్టినరోజు. ఆ వారం ఎగబాకి, తర్వాత జారిపోయింది. ఆటతో సంబంధమే లేదు. కాష్ క్లియర్ చేయడం, వేరే ఫోన్‌లో చూడటం దండగ.

నాకు కావలసింది జర్నలిస్టులు ఓట్లేసి ఉత్తమ ఫుట్‌బాలర్‌ని ఎంచే బాలన్ డోర్ అవార్డు లెక్క. అందులో మాల్దీనీ 1994లో, మళ్లీ 2003లో మూడో స్థానం. ఇటలీ డిఫెండర్లలో దాన్ని గెలిచింది 2006లో కన్నవారో ఒక్కడే. 1989లో బరేసీ అంతటివాడికీ రెండో స్థానమే. నాకైతే అన్యాయమే అనిపిస్తుంది.