జిన్నింగు మిల్లులో ‘జిన్’ ఎక్కడిది?

ఆదోనిలో ‘జిన్నింగు మిల్లు’ బోర్డు చూసి మా తమ్ముడి కొడుకు అడిగాడు: “పెదనాన్నా, ఇక్కడ మందు తయారు చేస్తారా?” పదేళ్లవాడికి ఆ సీసా పేరు ఎలా తెలిసిందన్నది వేరే పంచాయితీ. ఇంటికొచ్చి నిఘంటువు తీస్తే తల తిరిగింది. పత్తి నుంచి గింజ తీసే యంత్రం, మత్తుపానీయం, జంతువులను పట్టే ఉచ్చు, బరువులెత్తే మూడుకాళ్ల సాధనం, అన్నీ జిన్నే! వీటికి పొంతన ఏమిటి?

జవాబు: అన్నా, అవి ఒక మాట కాదు, రెండు. జూనిపర్ కాయల వాసన పట్టించిన పానీయాన్ని డచ్చివారు ‘జెనీవర్’ అన్నారు. ఇంగ్లీషులో దాని తోక తెగి జిన్ అయింది. రెండోది తల తెగినది. లాటిన్‌లో ‘ఇంగేనియుమ్’ అంటే పుట్టుకతో వచ్చే తెలివి. ఆ తెలివితో పన్నిన ఉపాయం, చేసిన పరికరం పాత ఫ్రెంచిలో ‘ఎంజిన్’. మొదటి అక్షరం రాలిపోతే జిన్. ఉచ్చూ పత్తి యంత్రమూ ఈ వంశానివే. మనం మోటారుకు ఇంజను అనీ, పత్తి దగ్గర జిన్ను అనీ అంటున్నాం. ఒకే ఇంటి మాట రెండు వేషాల్లో వచ్చింది.

మరో జవాబు: 1611 నాటి ఇంగ్లీషు బైబిలులో, 140వ కీర్తనలో, గర్విష్ఠులు పన్నినవి ఈ జిన్నులే. మన బైబిలులో అక్కడ ‘ఉచ్చులు’ అని ఉంది.

ఇంకో జవాబు: మా నాన్న మిల్లులో పనిచేశారు కనుక ఒక సవరణ. జిన్నింగును కొందరు ‘ఏకడం’ అని రాస్తున్నారు. అది పొరపాటు. ఏకడం అంటే గింజ తీసేసిన దూదిని విడదీసి మెత్తగా చేయడం, దూదేకులవారి పని. ‘ఏకు మేకయింది’ అనే సామెతలోని ఏకు అక్కడిదే. జిన్నింగు అంతకు ముందు జరిగేది. అమెరికాకు చెందిన ఎలీ విట్నీ 1794లో పేటెంటు పొందిన యంత్రంలో పళ్లు దూదిని సన్నని సందులోంచి లాగేస్తాయి, గింజ పట్టక ఇవతలే ఉండిపోతుంది. మన దేశంలో ఎక్కువగా కనిపించేది మాత్రం రెండు రోలర్ల యంత్రం. తెలుగులో ‘గింజ తీత’ అంటే చాలదా?

ప్రశ్న అడిగినవాడి మాట: అందరికీ నమస్కారం. ఇదంతా మావాడికి చెప్పాను. “అయితే ఇంజనీరు కూడా ఆ ఇంటివాడేనా?” అన్నాడు. అవునన్నాను.