కరాటే బెల్టు ఉతకకూడదా? మాసి నల్లబడిందన్న కథ నిజమేనా?

ఇద్దరు_పిల్లల_అమ్మ:
మా చిన్నోడిది ఆరెంజ్ బెల్టు. వానకు తడిసి ముక్కవాసన కొడుతోంది. సబ్బునీళ్లలో వేయబోతే ఒకటే ఏడుపు. ఉతికితే సాధనంతా నీళ్లపాలవుతుందని మాస్టరు చెప్పారట. పూర్వం తెల్ల బెల్టునే ఏళ్ల తరబడి ఉతక్కుండా కట్టేవారట, అది మాసిపోయి నల్లగా అయితే అదే బ్లాక్ బెల్టట. నిజమేనా?

పాతబెల్టు:
కథేనండీ. అసలు నల్ల బెల్టు కరాటే సొంతం కాదు, జూడో నుంచి వచ్చింది. జూడో స్థాపకుడు కానో జిగోరో 1883లో ఇద్దరు శిష్యులకు మొదటి డాన్ (పై స్థాయిలో మొదటి మెట్టు) ఇచ్చాడు. ఈ డాన్ లెక్క కూడా గో అనే పలక ఆటలో ముందునుంచీ ఉన్నదే. డాన్ వచ్చినవాళ్లు ఎవరో తెలియడానికి నల్ల పట్టీ కట్టించడం 1886 ప్రాంతంలో మొదలైంది. కరాటే గురువు ఫునాకోషి గిచిన్ జపాన్ దక్షిణాన ఉన్న ఒకినావా దీవి నుంచి టోక్యో వచ్చి కానో ఎదుట కరాటే చూపించింది 1922లో. 1924 ఏప్రిల్‌లో ఏడుగురు శిష్యులకు నల్ల బెల్టులు ఇచ్చాడు. అవి చేతికిచ్చిన బెల్టులు, నడుముకు మాసినవి కావు.

కటా_పిచ్చోడు:
కథ అబద్ధమే అనుకుందాం. నష్టమేంటి? ఆ భయంతోనైనా పిల్లలు బెల్టును నేల మీద పడేయరు. అన్నిటికీ ఏళ్లూ తేదీలూ తీస్తే ఎలా సార్?

పాతబెల్టు:
నేల మీద పడేయొద్దని నేరుగా చెప్పొచ్చుగా! పైగా తెల్ల నూలు మాసి నల్లగా అవడం మీరెప్పుడైనా చూశారా? పసుపో బూడిదరంగో తేలుతుంది. నా బెల్టుకు జరిగింది తలకిందులు. పైనున్న నల్ల శాటిన్ ముడి దగ్గర పీచుపీచుగా లేచి లోపలి తెల్ల నూలు బయటపడింది.

కటా_పిచ్చోడు:
అదే కదా తత్వం! నలుపు అరిగి మళ్లీ తెలుపు, మళ్లీ శిష్యుడు.

పాతబెల్టు:
తత్వం కాదు బాబూ, శాటిన్.

హన్మకొండ_తండ్రి:
ఉతకడం సంగతి సరే, అసలు ఈ రంగులెందుకు? మా అమ్మాయికి రంగు మారినప్పుడల్లా గ్రేడింగ్ ఫీజు, కొత్త బెల్టు, సర్టిఫికెట్. మొన్న "సగం పసుపు, సగం తెలుపు" బెల్టుకు కూడా పరీక్ష పెట్టారు. అడిగితే వేల ఏళ్ల సంప్రదాయం అన్నారు!

పాతబెల్టు:
వేలేంటి, గట్టిగా వందేళ్లు. ఇన్ని రంగులు యూరప్ జూడో క్లబ్బుల్లో 1920లు, 30లలో వచ్చాయి. ప్యారిస్‌లో నేర్పిన కవాయిషి మికినోసుకె వాటిని బాగా వ్యాప్తి చేశాడు. తెల్ల డ్రెస్సూ జూడో అచ్చే. ఒకినావా ఉక్కపోతలో ఒంటి మీద చొక్కా లేకుండా సాధన చేసినవాళ్లున్నారు. జూడోలో కాలర్ పట్టుకుని లాగాలి కాబట్టి దాని గుడ్డ మందం. కరాటేలో ఆ అవసరం పెద్దగా లేదు, అందుకే పలచన చేశారు.

విశాఖ_సైడ్‌కిక్:
ఒక మాట. ఎనిమిదేళ్ల పిల్లాడికి బ్లాక్ బెల్టు దాకా ఆగమంటే ఆర్నెల్లలో మానేస్తాడు. నేను క్లాసులు చెప్తాను, రోజూ చూస్తున్నాను. రంగు కనబడితేనే వాడు మళ్లీ వస్తాడు. పుట్టింది యూరప్‌లో అయితే మాత్రం ఏం? సగం రంగుల బెల్టు మాత్రం అతి, అది ఒప్పుకుంటా.

హన్మకొండ_తండ్రి:
2021లో జరిగిన టోక్యో ఒలింపిక్స్‌లో ఒకరికి ఎర్ర బెల్టు, ఇంకొకరికి నీలం. ఎవరిది ఎన్నో డానో ఎవరూ చూడలేదు. మీ పిల్లలు ఆర్నెల్లలో మానేస్తే నేర్పడంలోనే ఏదో ఉందేమో ఆలోచించండి.

విశాఖ_సైడ్‌కిక్:
ఒలింపిక్స్ దాకా వెళ్లినవాళ్లకు రంగు అక్కర్లేదు లెండి. మా బ్యాచ్‌లో ఇరవైమంది, అందరూ బళ్లో ఎలాగూ మార్కులు లెక్కపెట్టుకునేవాళ్లే. అమ్మగారూ, బెల్టు చల్లటి నీళ్లలో విడిగా, చేత్తోనే ఉతకండి. వేడినీళ్లలో కుంచించుకుపోతుంది. నీడన ఆరేయండి.

ఇద్దరు_పిల్లల_అమ్మ:
ఉతికేశాను. బకెట్ నిండా ఆరెంజ్ నీళ్లు! తెల్ల డ్రెస్సు అందులో పడేయలేదు, అదృష్టం. చిన్నోడు ఇంకా మాట్లాడట్లేదు, వాసన చూసి మాత్రం వెళ్లాడు.