నాన్నకి నీటికాసులు అని తేలింది, తిండితో కంటి నరాన్ని కాపాడుకోవచ్చా?

గోదావరి_గట్టు:
మా నాన్నకి 63 ఏళ్ళు, చాలాకాలంగా షుగర్ ఉంది. కళ్ళజోడు మార్పిద్దామని తీసుకెళ్తే కంట్లో ప్రెషర్ ఎక్కువగా ఉందని, ఎడమ కంటి నరం అప్పటికే కొంత దెబ్బతిందని, ఇది నీటికాసులని చెప్పారు. రాత్రి పడుకునే ముందు వేసుకోమని చుక్కల మందు రాశారు, ఇక జీవితాంతం వాడాలట. ఇంటికొచ్చాక ఎవరికి తోచింది వాళ్ళు చెప్తున్నారు. మా మేనత్త రోజూ పొన్నగంటి కూర పెట్టమంటోంది, మా బావ బి3 విటమిన్ వేసుకుంటే చచ్చిపోతున్న నరాల కణాలు బతుకుతాయని వీడియో పంపాడు, మందుల షాపతను ల్యూటీన్ (ఆకుకూరల్లో ఉండే పసుపు రంగు పదార్థం) మాత్రల డబ్బా చేతిలో పెట్టాడు. నాన్నకేమో నొప్పీ లేదు, మసకా లేదు, అందుకని "ముందు తిండితో చూద్దాం, చుక్కల సంగతి తర్వాత" అంటున్నారు. తిండి వల్ల కంటి నరానికి నిజంగా మేలు జరుగుతుందా, జరిగితే ఎంత? తెలిసినవాళ్ళు చెప్పండి, చాలా టెన్షన్‌గా ఉంది.

చూపు_నేస్తం:
నేను ఆప్టోమెట్రిస్టునండి, అంటే కంటి చూపు పరీక్షలు చేస్తాను. చుక్కలు ఈ రాత్రి నుంచే మొదలుపెట్టించండి, మిగతావన్నీ ఆ తర్వాతే. కంటి నుంచి మెదడుకి వెళ్ళే నరంలో 10 నుంచి 12 లక్షల పోగులుంటాయి, ఒక్కో పోగు రెటీనాలో, అంటే కంటి వెనక తెరలో, ఉండే ఒక్కో గ్యాంగ్లియాన్ కణం నుంచి బయల్దేరుతుంది, ఆ కణం పోతే మళ్ళీ పుట్టదు. చూపు మెల్లగా పక్కల నుంచి తగ్గుతుంది, ఒక కంటి లోటుని రెండో కన్ను కప్పేస్తుంది, అందుకే చాలావరకు పోయేదాకా మనిషికి తెలియదు. ఆంధ్రప్రదేశ్ ఐ డిసీజ్ స్టడీ అనే కంటి జబ్బుల సర్వేలో భాగంగా హైదరాబాద్‌లో జనాన్ని పరీక్షిస్తే గ్లాకోమా, అంటే ఈ నీటికాసులే, బయటపడ్డవాళ్ళలో ఎక్కువమందికి అంతకుముందు ఆ సంగతే తెలియదు. కాబట్టి నొప్పి లేదన్న మాటతో మీ నాన్నగారిని ఆగనివ్వకండి. ప్రెషర్ తగ్గించడం ఒక్కటే ఈ కణాల్ని కాపాడుతుందని గట్టిగా రుజువైన వైద్యం.

మీ బావగారు పంపిన వీడియోకి ఆధారం లేకపోలేదు. వయసు పెరిగేకొద్దీ ఈ కణాల్లో ఎన్ఏడీ అనే పదార్థం తగ్గుతుంది, అది తగ్గితే కణానికి శక్తి చాలదు, అప్పుడు కొంచెం ప్రెషర్‌కే దెబ్బతింటుంది. నికోటినమైడ్, అంటే బి3లో ఒక రకం, ఇస్తే ఎలుకల్లో నరం చాలావరకు నిలబడిందని 2017లో అమెరికాలోని జాక్సన్ ల్యాబొరేటరీ వాళ్ళు చూపించారు. 2020లో మెల్‌బోర్న్‌లో మనుషుల మీద చిన్న పరీక్ష జరిగింది, 57 మందిని తీసుకుని రోజుకి ఒకటిన్నర గ్రాములు, తర్వాత 3 గ్రాములు ఇస్తే కొందరిలో రెటీనా పనితీరు కాస్త మెరుగైంది. అయితే మోతాదు చూడండి. మన ఒంటికి రోజుకి కావాల్సింది సుమారు 15 మిల్లీగ్రాములు, 100 గ్రాముల పల్లీల్లో ఉండేది 12 మిల్లీగ్రాముల దాకా, అక్కడ ఇచ్చింది ఒంటికి కావాల్సినదానికి వంద నుంచి రెండువందల రెట్లు. తిండితో అంత రాదు, మాత్రలతో సొంతంగా అంత వేసుకుంటే కాలేయం దెబ్బతినే ప్రమాదం ఉంది. పైగా షాపులో నయాసిన్ అడిగితే ఇచ్చేది బి3లో వేరే రకం, దాన్ని ఎక్కువ మోతాదులో వాడితే రెటీనా మధ్యలో వాపు కూడా రావచ్చు. డాక్టర్ చెప్పకుండా ముట్టుకోవద్దు.

ల్యూటీన్ మాత్రలు తిరిగి ఇచ్చేయండి. వాటికి పేరు తెచ్చిన ఏఆర్ఈడీఎస్2 పరిశోధన వయసుతో వచ్చే మాక్యులా (రెటీనా మధ్య భాగం) జబ్బు గురించి చేసింది, నీటికాసులకి కాదు.

ఇంకోటి, ఇది ఒకే కుటుంబంలో ఇంకొకరికీ రావచ్చు, మీ మేనత్తగారు ఆయన తోబుట్టువు కదా, ఆమె కూడా కళ్ళు చూపించుకోవాలి. మీకు 40 దాటితే మీరూ.

సిరి_వంటిల్లు:
నాకు ఈ జబ్బు ఎన్నో ఏళ్ళుగా ఉంది, చుక్కలు ఒక్క రాత్రి కూడా మానను, దానితో పాటు తిండి కూడా శ్రద్ధగా చూసుకుంటాను కాబట్టి రాస్తున్నా. ఆకుకూరల మాట పూర్తిగా కొట్టిపారేయకండి. అమెరికాలో లక్ష మందికి పైగా నర్సుల్ని, ఇతర వైద్య సిబ్బందిని పాతికేళ్ళకు పైగా గమనించి 2016లో ఫలితాలు వేశారు, ఆకుకూరల ద్వారా నైట్రేట్ బాగా అందినవాళ్ళకి గ్లాకోమా వచ్చే అవకాశం సుమారు 20 శాతం తక్కువ కనిపించింది. నైట్రేట్ ఒంట్లో నైట్రిక్ ఆక్సైడ్‌గా మారి రక్తనాళాల్ని సడలిస్తుంది, నరానికి రక్తం బాగా అందుతుంది అని వాళ్ళ ఆలోచన. ఇది రాకుండా ఉండడం గురించి, అదీ గమనించి చెప్పినదే, వచ్చిన జబ్బుని తగ్గిస్తుందని కాదు. అయినా తోటకూర, పాలకూర, బచ్చలి, మెంతికూర, పొన్నగంటి మనకి కట్ట కట్టలుగా దొరుకుతుంటే తినకపోవడం ఎందుకు? పప్పులో వేసి నూనెతో తాలింపు పెట్టండి, కొవ్వు లేకుండా ఉడకబెట్టి తింటే ల్యూటీన్ లాంటివి ఒంటికి సరిగా పట్టవు. గుడ్డు తింటారంటే పచ్చసొన తీసెయ్యొద్దు. షుగర్ ఉంది కాబట్టి అన్నం తగ్గించి కూర పెంచడం ఆయన రెటీనాకి ఎంతో మేలు, షుగర్ కూడా అక్కడి నరాల కణాల్నే దెబ్బతీస్తుంది.

రక్తం పలచబడడానికి వార్ఫరిన్, ఎసిట్రోమ్ లాంటివి వాడుతుంటే మాత్రం ఆకుకూరలు ఉన్నట్టుండి పెంచొద్దు, వాటిలోని కె విటమిన్ మందు పనితనాన్ని తగ్గిస్తుంది. పొద్దున్నే రాగి చెంబుడు నీళ్ళు గటగటా తాగే అలవాటుంటే కొంచెం కొంచెంగా తాగమనండి, ఒకేసారి లీటరు తాగితే కంటి ప్రెషర్ కాసేపు పెరుగుతుంది. శీర్షాసనం కూడా అందుకే వద్దు.

నరాల_రాము:
జనరల్ ఫిజీషియన్‌ని. తిండికీ కంటి నరానికీ నేరుగా సంబంధం రుజువైన చోటు ఒకటుంది, దాని గురించి ఎవరూ అడగరు. అది పోషకాల లోపం. 1991 నుంచి 1993 వరకు క్యూబాలో, సోవియట్ సాయం ఆగిపోయి జనం అర్ధాకలితో ఉన్న రోజుల్లో, 50 వేల మందికి పైగా నరాలు దెబ్బతిన్నాయి, అందులో చాలామందికి కంటి నరమే. మధ్య చూపు మసకబారింది, రంగులు వెలిసిపోయినట్టు కనిపించాయి. పొగ తాగేవాళ్ళకి ఇంకా ఎక్కువ. ప్రభుత్వం దేశమంతటికీ బి విటమిన్ల మాత్రలు పంచాక కొత్త కేసులు బాగా తగ్గాయి.

మన దగ్గర అంత కరువు లేదు, కానీ బి12 లోపం ఉంది. ఈ విటమిన్ మాంసం, చేపలు, గుడ్లు, పాలల్లోనే దొరుకుతుంది, మొక్కల్లో లేదు. షుగర్‌కి వాడే మెట్‌ఫార్మిన్ ఏళ్ళ తరబడి వేసుకుంటే అది ఒంటికి పట్టడం ఇంకా తగ్గుతుంది. మీ నాన్నగారు మెట్‌ఫార్మిన్ వాడుతున్నారా?

గోదావరి_గట్టు:
అందరికీ చాలా థాంక్స్ అండి. చుక్కలు మొదలుపెట్టించాను, పక్కనే కూర్చుని వేయించాను. నాన్న మెట్‌ఫార్మిన్ చాలా ఏళ్ళుగా వాడుతున్నారు, మాంసం గుడ్డు ముట్టరు, ఈమధ్య అరికాళ్ళు తిమ్మిరి అని కూడా అంటున్నారు, షుగర్ వల్లేమో అనుకున్నాం. రేపే బి12 మాత్రలు కొని వేయనా?

నరాల_రాము:
ఆగండి, ముందు పొద్దున బి12 పరీక్షకి రక్తం ఇచ్చాకే మొదలుపెట్టండి. మాత్రలు వేసుకున్నాక పరీక్ష చేస్తే లెక్క ఎక్కువ చూపించి లోపం కనబడకుండా పోతుంది. ఫోలిక్ యాసిడ్ ఒక్కటే మాత్రం వేయొద్దు, అది రక్తహీనతని సరిచేసి లోపాన్ని దాచేస్తుంది, లోపల నరాలు పాడవుతూనే ఉంటాయి. తిమ్మిరి ఉందంటున్నారు కాబట్టి లోపం తేలితే ఇంజెక్షన్లు కావాల్సి రావచ్చు. రిపోర్ట్ షుగర్ డాక్టర్‌తో పాటు కంటి డాక్టర్‌కి కూడా చూపించండి. బి12 ఎక్కితే నీటికాసులు తగ్గవు, కానీ అదే నరానికి రెండో దెబ్బ తగలకుండా ఉంటుంది.